ట్రౌట్‌బెక్ రాతి ఇల్లు: ఒక తీర్పు, ఒక పొయ్యి, రెండడుగుల గోడ

ఇంగ్లండ్ వాయవ్య మూలన లేక్ డిస్ట్రిక్ట్ అనే కొండల సీమ ఉంది. అక్కడి రైతుల రాతి ఇళ్లను చూసి, వీటిని ఎవరో కట్టినట్టు లేదు, ఆ బండల్లోంచే మొలిచినట్టున్నాయి అన్నాడు కవి వర్డ్స్‌వర్త్. రెండు వందల ఏళ్లుగా గైడ్లూ, టూరిస్టు బ్రోషర్లూ ఆ మాటనే తిప్పి తిప్పి చెబుతున్నాయి. అందమైన మాటే, కాదనను. కానీ ఆ ఇళ్లు అర్థం కావాలంటే ముందు దాన్ని పక్కన పెట్టాలి. మొలిచిన ఇంటికి కారణాలు అక్కర్లేదు. కట్టిన ఇంటికి కావాలి. డబ్బు ఎక్కడిది, భూమి మీద హక్కు ఏమిటి, ఆ రాయే ఎందుకు, పొయ్యి అక్కడే ఎందుకు పెట్టారు అని అడగాలి. ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పగల ఇల్లు ఒకటుంది.

విండర్‌మియర్ సరస్సు దాటి కొంచెం పైకి వెళ్తే ట్రౌట్‌బెక్ అనే పల్లె. ఆ ఊరి దక్షిణపు కొసన, రోడ్డు పక్కనే, తెల్లగా వెల్ల వేసిన ఇల్లు టౌనెండ్. 1626లో జార్జ్ బ్రౌన్ అనే రైతు దీన్ని కట్టించాడు. అప్పటి నుంచి 1943 దాకా ఒకే కుటుంబం అందులో కాపురం ఉంది. తరతరానా ఇంట్లో ఎవరో ఒకరికి జార్జ్ అనే పేరే పెట్టుకుంటూ వచ్చారు. 1948లో ఇల్లు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చింది. ఇవాళ అది గ్రేడ్ వన్ రక్షిత కట్టడం, అంటే కేథడ్రళ్లకూ కోటలకూ ఇచ్చే హోదా. గొర్రెలు కాచుకున్న రైతు ఇంటికి ఆ హోదా ఎందుకంటే, అంతస్తు వల్ల కాదు, మిగిలి ఉండటం వల్ల. మూడు వందల ఏళ్ల సామాన్లు, పుస్తకాలు, లెక్కల కాగితాలు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. ఇంట్లోని ఏ మార్పు ఎందుకు జరిగిందో పట్టుకోవడానికి ఆధారం ఉంది.

రాయి సంగతికి ముందు హక్కు సంగతి చూడాలి.

పదహారో శతాబ్దంలో ఈ కొండ రైతుకు భూమి పూర్తిగా సొంతం కాదు, అలాగని మామూలు కౌలూ కాదు. పైన ఒక ప్రభువు ఉంటాడు. రైతు ఆయనకు ఏటా కొద్దిపాటి శిస్తు కడతాడు. రైతు పోయి కొడుకు వచ్చినా, ప్రభువు పోయి కొత్త ప్రభువు వచ్చినా కొంత రుసుం కడతాడు. అది తప్పితే భూమి తండ్రి నుంచి బిడ్డలకు ఆచారం ప్రకారం సాగిపోతూ ఉంటుంది. దీనికి బదులుగా రైతు మీద ఒక బాధ్యత ఉండేది. సరిహద్దు అవతల స్కాట్లండ్ నుంచి దాడి వస్తే గుర్రంతో, ఆయుధంతో బయలుదేరాలి. సరిహద్దు కాపలాకూ భూమి హక్కుకూ ముడి పడింది అలా.

1603లో ఆ ముడి వదులైంది. స్కాట్లండ్ రాజు జేమ్స్ ఇంగ్లండ్‌కూ రాజయ్యాడు. రెండు దేశాలకూ ఒకే రాజు ఉన్నప్పుడు శత్రు సరిహద్దు ఎక్కడిది? కాపలాతో పనేముంది? కాపలా లేకపోతే దాని మీద ఆధారపడ్డ హక్కు మాత్రం ఎందుకుండాలి? రాజూ, ప్రభువులూ ఇదే వాదన మొదలుపెట్టారు. మీ ఆచారపు హక్కు చెల్లిపోయింది, ఇక మార్కెట్ రేటుకు కౌలు కట్టండి అన్నారు. 1620లో ఆ హక్కుకు వ్యతిరేకంగా రాజశాసనమే వచ్చింది. కెండల్ చుట్టుపక్కల రైతులు ఊరుకోలేదు. కూడబలుక్కున్నారు, సభ పెట్టుకున్నారు, కేసు నడిపారు. అది లండన్‌లోని స్టార్ చాంబర్ కోర్టు దాకా వెళ్లింది. 1625లో తీర్పు వచ్చింది: ఇవి వారసత్వ భూములే, సరిహద్దు కాపలాతో నిమిత్తం లేకుండా చెల్లుతాయి.

తీర్పు 1625లో. టౌనెండ్ 1626లో.

ఒక్క ఏడాది తేడా చూసి, కోర్టు కబురు అందగానే జార్జ్ బ్రౌన్ పునాది తవ్వించాడని చెప్పేస్తే తొందరపాటే అవుతుంది. ఒక ఇంటికి ఎన్నో కారణాలుంటాయి, పెళ్లి కావచ్చు, పంట కావచ్చు, పాత ఇల్లు కూలడం కావచ్చు. కానీ ఆ ఒక్క ఇంటిని వదిలి సీమ మొత్తం చూడండి. ఈ లోయల్లో గుమ్మాల మీద, బీరువాల మీద చెక్కిన తేదీలు పదిహేడో శతాబ్దంలో, ముఖ్యంగా 1660 తర్వాత, గుట్టలుగుట్టలుగా కనిపిస్తాయి. అంతకుముందువి అరుదు. రేపు ఖాళీ చేయమంటారేమో అన్న భయం ఉన్న రైతు రెండడుగుల మందం గోడ కట్టడు. మనవడు కూడా ఇందులోనే ఉంటాడన్న నమ్మకం కుదిరినవాడే కడతాడు. డబ్బు కూడా ఆ హక్కు నుంచే వచ్చింది. శిస్తు పాత కాలపు అంకె దగ్గరే ఆగిపోయింది, ధరలు మాత్రం పెరుగుతూ పోయాయి. ఆ తేడా అంతా రైతు చేతిలో మిగిలింది. ఆ మిగులే ఈ లోయల్లో గోడలుగా నిలబడిందని నా అభిప్రాయం.

చరిత్రకారుడు డబ్ల్యు. జి. హోస్కిన్స్ 1953లో ఇంగ్లండ్ పల్లెలన్నీ 1570-1640 మధ్య కొత్తగా కట్టుకున్నాయని, అది ఒక మహా పునర్నిర్మాణమని ప్రతిపాదించాడు. తర్వాతి పరిశోధకులు ఆ తేదీలు దేశమంతటికీ సరిపోవని తేల్చారు. ఉత్తరాది కొండల్లో ఆ పని బాగా ఆలస్యంగా జరిగింది. ఒక్కో సీమలో రైతు చేతికి డబ్బూ ధైర్యమూ ఒక్కో కాలంలో వచ్చాయి.

మరి అంతకుముందు ఇళ్లు ఎలా ఉండేవి? వంకర తిరిగిన ఓక్ మానును నిలువునా రెండుగా చీల్చి, రెండు ముక్కల్నీ ఎదురెదురుగా నిలబెట్టి, పైన కొసలు కలిపేవారు. అలాంటి జంటలు వరుసగా నిలిపితే ఇంటి అస్థిపంజరం తయారు. కప్పు బరువంతా ఆ కర్రలదే, గోడ కేవలం చాటు. అందుకే మట్టి గోడైనా, అల్లిన తడికైనా సరిపోయేది. చాలా రాతి ఇళ్ల లోపల ఆ పాత కర్రలు ఇప్పటికీ దొరుకుతాయి. పాత ఇల్లు పడగొట్టకుండా చుట్టూ రాతి గోడ లేపిన సందర్భాలున్నాయి, పాత దూలాన్ని కొత్త ఇంట్లో వాడుకున్నవీ ఉన్నాయి. మాను వలయాలు లెక్కించి ఆ చెట్టు ఏ ఏడు కొట్టారో చెప్పే పద్ధతి ఉంది. అయితే అది చెట్టు నరికిన తేదీ, ఇల్లు కట్టిన తేదీ కాదు. వాడేసిన దూలాన్ని మళ్లీ వాడితే ఇంటి వయసు వందేళ్లు ఎక్కువ చూపించేస్తుంది.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. ఈ ఇళ్ల అమరికను పరిశోధకులు స్టేట్స్‌మన్ ప్లాన్ అంటారు, అంటే సొంత హక్కున్న రైతు ఇంటి ప్లాన్. నేను వర్ణించేది ఆ పద్ధతి ఇళ్ల మూల నమూనాను. టౌనెండ్‌లోనూ ఇవే గదులు ఇవే పేర్లతో ఉన్నాయి, కాకపోతే తర్వాతి తరాలు దాన్ని పెంచుకుంటూ పోయాయి.

వీధి తలుపు తీస్తే నేరుగా గదిలో అడుగుపెట్టరు. ఇల్లు అడ్డంగా దాటే ఒక సన్నటి నడవ వస్తుంది, పేరు హాలన్. దానికి ఒక పక్క డౌన్‌హౌస్: బట్టలుతకడం, బీరు కాయడం, రొట్టెలు కాల్చడం, పీట్ నిల్వ, పనిముట్లు అన్నీ అక్కడే. పీట్ అంటే చిత్తడి నేలలో చెక్కలుగా తవ్వి ఎండబెట్టే ఇంధనం. డౌన్‌హౌస్‌కు మామూలుగా పైన అటక ఉండేది కాదు, తలెత్తితే కప్పే కనిపించేది. నడవకు రెండో పక్క ఫైర్‌హౌస్. ఇంటి ప్రాణం ఇదే. నడవలోంచి దీనిలోకి తిన్నగా రాలేరు. హెక్ అనే చిన్న అడ్డుగోడ చుట్టూ తిరిగి రావాలి. గాలి విసురు పొయ్యి మీదికి రాకుండా ఆ అడ్డు.

పొయ్యి దగ్గర కాసేపు ఆగాలి. మనం ఊహించుకునే గోడలో గూడు లాంటి చలిమంట కాదిది. నేల మీద ఒక చదును బండ, దాని మీద పీట్ నిప్పు. పైన తలకు అందేంత ఎత్తులో మొదలై, కర్రతో అల్లి మట్టి మెత్తిన పెద్ద పొగ గూడు, పైకి పోను పోను సన్నబడుతూ కప్పులోంచి బయటికి వెళ్తుంది. దాని కింద ఒక గదికి సరిపడా చోటుంటుంది. మనుషులు ఆ గూడు కిందే, నిప్పుకు రెండు పక్కలా కూర్చునేవారు. తల మీద పొగలో మాంసం వేలాడుతూ ఉండేది, చలికాలం అంతా అలా ఎండేది. అడ్డంగా ఒక దూలం, దాని నుంచి గొలుసు, గొలుసుకు కొక్కెం, కొక్కేనికి కుండ. ఇంత పెద్ద పొగ గూడు కింద చీకటి కదా, అందుకని పక్క గోడలో అరచేతి పొడవుకు కొంచెం మించిన ఒక చిన్న కిటికీ పెట్టేవారు, పొయ్యి దగ్గర పనికి మాత్రమే వెలుతురు ఇచ్చేట్టు. తర్వాతి కాలంలో పొగ గూళ్లు తీసేసి మామూలు చిమ్నీలు కట్టుకున్నారు, కిటికీ మాత్రం మిగిలిపోయింది. ఇవాళ బయట నిలబడి చూసినప్పుడు, ఏ పొంతనా లేని ఒంటరి చిట్టి కిటికీ కనిపిస్తే అక్కడ ఒకప్పుడు పెద్ద పొయ్యి ఉండేదని అనుమానించవచ్చు. ఇంట్లో అడుగు పెట్టకుండానే పాత ప్లాన్ సగం బోధపడుతుంది.

పొయ్యి పక్క గోడలో ఇంకో చిన్న గూడు, దానికి చెక్కిన ఓక్ తలుపు, మీద యజమాని దంపతుల పేర్ల తొలి అక్షరాలు, తేదీ. ఉప్పూ, మసాలా దినుసులూ అక్కడ పెట్టేవారు. ఇంత వానల ఊళ్లో ఉప్పు నీరుకారకుండా ఉండే చోటు ఇంట్లో అదొక్కటే.

ఫైర్‌హౌస్ అవతలి కొసన బవర్ అనే గది. యజమానీ ఆయన భార్యా పడుకునేది అక్కడ. మధ్యలో రాతి గోడ లేదు, ఓక్ పలకల అడ్డం మాత్రమే ఉంది. ఆ అడ్డంలోనే రొట్టెల బీరువా కలిపి చేసేవారు, గోడా అదే, సామానూ అదే. ఓట్స్ పిండితో పల్చగా, గట్టిగా కాల్చిన రొట్టెలు అందులో వారాల తరబడి నిల్వ ఉండేవి. గోధుమ పండని చలి కొండల్లో తిండి అదే. బవర్ పక్కన, ఉత్తరపు వైపున, ఎండ తగలని చల్లటి కొట్టు. పాలూ వెన్నా అక్కడ. వెనక గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన గుండ్రటి భాగంలో మెట్లు. పైన అటకలో పిల్లలు, జీతగాళ్లు.

ఈ అమరిక అంతా వేడి చుట్టూ తిరుగుతుంది. ఇంటికి ఒకటే నిప్పు. పొయ్యి వెనక నడవ, నడవ అవతల తడి పనుల గది, పొయ్యికి ఎదురుగా మనుషులు, చెక్క అడ్డం దాటి యజమాని మంచం, చలి మూలన పాలు. ఏ గది ఎక్కడుండాలో నిప్పుకు ఉన్న దూరమే తేల్చింది. 1662 నుంచి 1689 దాకా ఇంగ్లండ్‌లో పొయ్యి పన్ను ఉండేది, ఒక్కో పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగులు. ఆ లెక్కల పుస్తకాలు చూస్తే ఈ లోయల్లో చాలా ఇళ్లకు ఒకే ఒక్క పొయ్యి రాసి ఉంటుంది. రెండో పొయ్యి పెట్టుకున్నాడంటే ఆ రైతు ఒక మెట్టు ఎక్కినట్టే.

మొదట్లో యజమానీ, పిల్లలూ, జీతగాళ్లూ అందరూ ఫైర్‌హౌస్‌లో ఒకే బల్ల దగ్గర తినేవారు. బవర్‌కు కట్టిన ఆ చెక్క అడ్డమే కుటుంబానికీ పనివాళ్లకూ మధ్య వచ్చిన తొలి గీత. తరం మారేకొద్దీ గీతలు పెరిగాయి. టౌనెండ్‌లో బ్రౌన్ కుటుంబం గొర్రెల కాపరులుగానే ఉండిపోలేదు. స్థానిక అధికార పదవులు చేశారు, కాగితాలు రాశారు, పుస్తకాలు కొన్నారు. ఇవాళ ఆ ఇంట్లో సుమారు 1,500 పుస్తకాలున్నాయి. అందులో 40కి పైగా ప్రపంచంలో మరెక్కడా ఇంకో ప్రతి దొరకనివి. లైబ్రరీకి ఒక గది, అతిథులకు ఒక మంచి పడకగది వచ్చాయి. అలా గదులు పెరిగేకొద్దీ ఫైర్‌హౌస్‌లో కలిసి కూర్చునే మనుషులు తగ్గారు.

ఇక రాయి.

లేక్ డిస్ట్రిక్ట్ రాయి ఒకటి కాదు. నడిమిన బారోడేల్ అగ్నిపర్వతాల రాయి ఉంది. సుమారు 45 కోట్ల ఏళ్ల కిందట కురిసిన బూడిద గట్టిపడి, ఒత్తిడికి పలకబారి, ఆకుపచ్చ రంగుతో బయటికి వస్తుంది. దక్షిణాన, విండర్‌మియర్ వైపు, సముద్రపు అడుగున పేరుకున్న సిలూరియన్ కాలపు మట్టి రాయి, రంగు నల్లటి నీలం. ఈ రెంటి మధ్యా సన్నటి సున్నపురాయి పట్టీ ఒకటి లోయలకు అడ్డంగా వెళ్తుంది, ట్రౌట్‌బెక్ మీదుగానే. కాబట్టి ఈ ఊరు రెండు భూగర్భ యుగాల హద్దు మీద కూర్చుంది. 

ఈ రాళ్ల గుణం ఒకటే: పొరలుగా చీలుతాయి కానీ చెక్కడానికి లొంగవు. మన మార్కాపురం పలకల రాయి చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఎంత పల్చగానైనా విడదీయవచ్చు, కానీ దాంతో పదునైన అంచుల నాలుగు పలకల దిమ్మె తీయడం మహా కష్టం. టౌనెండ్ బయటి రూపంలో చాలా భాగం ఈ ఒక్క గుణం నుంచే వచ్చింది. ఇంగ్లండ్ నడిమిన కాట్స్‌వోల్డ్ కొండల్లో మెత్తటి పసుపు సున్నపురాయి దొరుకుతుంది, రంపంతో కోయవచ్చు, అందుకే అక్కడి రైతు ఇళ్లకు కూడా చెక్కిన రాతి కిటికీ కమ్ములు, పదునైన మూలలు ఉంటాయి. ఇక్కడ ఆ దారి లేదు. కాబట్టి కిటికీ నిలువు కమ్ములు ఓక్ చెక్కవి. కిటికీ పైన వాన నీరు జారడానికి చెక్కిన రాతి చూరు బదులు, గోడలోంచి ముందుకు తోసిన ఒక పల్చటి పలక.

గుండ్రటి చిమ్నీలు కూడా అందుకే. టౌనెండ్ కప్పు మీద పొడవైన స్తంభాల్లా నిలబడ్డ ఆ చిమ్నీలను చూసి అలంకారం అనుకుంటారు, వర్డ్స్‌వర్త్ కూడా వాటి అందం గురించే రాశాడు. కానీ చదరపు చిమ్నీకి నాలుగు మూలలుండాలి, మూలకు చెక్కిన రాయి కావాలి. గుండ్రంగా కడితే మూల ఉండదు, చేతికొచ్చిన రాయి చాలు. కొన్ని ఇళ్లలో కింద చదరపు దిమ్మె, పైన గుండ్రటి గొట్టం. దాని నెత్తిన రెండు పలకలు వాలుగా ఆనించి పెడతారు, గాలి వాన పొగగొట్టంలోకి దిగకుండా. రాయికి చేతగానిది ఏదో గ్రహించి, దాని చుట్టూ తెలివిగా పని కానిచ్చిన మేస్త్రీ అక్కడ నాకు కనిపిస్తాడు. ఆ తెలివిని ప్రకృతి ఖాతాలో వేసేయడం న్యాయం కాదు.

గోడ మందం అటూ ఇటూగా రెండడుగుల నుంచి మూడడుగులు. అది ఒకే గోడ కాదు. బయట ఒక రాతి మొహం, లోపల ఒక రాతి మొహం, మధ్యలో చిన్న రాళ్లూ మట్టీ కూరిన గుండె. రెండు మొహాలూ విడిపోకుండా అక్కడక్కడా ఈ వైపు నుంచి ఆ వైపు దాకా పట్టే పొడవాటి రాయి వేస్తారు. తర్వాతి శతాబ్దాల గోడల్లో ఇంకో మెళకువ కనిపిస్తుంది: ప్రతి రాయినీ బయటి అంచు కొంచెం కిందికి వాలేట్టు కూర్చడం. లోపలికి చొరబడ్డ వాన నీరు మళ్లీ బయటికే జారుతుంది. వాన అంటే ఎంత? ఈ కొండల నడిమిన సీత్‌వెయిట్ అనే చోట ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల పైనే పడుతుంది, తెలంగాణ సగటుకు మూడు రెట్ల కన్నా ఎక్కువ. ట్రౌట్‌బెక్‌లో అంత పడదు కానీ, అక్కడా వాన అడ్డంగా, గాలితో కలిసి, రోజుల తరబడి కొడుతుంది.

కప్పు పలకల్లో చూడాల్సింది వరుసల కొలత. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి వెళ్లేకొద్దీ చిన్నవి. కంటికి ఇంపుగా ఉంటుంది, కానీ లెక్క వేరే. గనిలోంచి పలకలు అన్ని సైజుల్లో వస్తాయి, ఏదీ పారేయకుండా వాడాలి. కప్పు మీద పడ్డ నీరంతా చివరికి చూరు దగ్గరికే చేరుతుంది, కాబట్టి అక్కడ అతుకులు తక్కువ ఉండాలి, పెద్ద పలకలు అక్కడ. బరువైనవి గోడ మీదికి, తేలికవి నడి కప్పుకు. ఒక్కో పలకకూ పైన ఒక కన్నం, కన్నంలో ఓక్ మేకు, మేకు వాసం పట్టీకి తగులుకుంటుంది. కింది వైపు నుంచి సున్నంలో వెంట్రుకలు కలిపి మెత్తేవారు, గాలికి పలక లేవకుండా.

ఇంటికి ఎదురుగా, రోడ్డు అవతల, కొట్టాం ఉంది. తేదీ 1666. ఈ రకం కొట్టాల్లో తొలినాటి వాటిలో ఇదొకటి. ఏటవాలు నేలను భలే వాడుకున్నారు. ఎగువ వైపు నుంచి బండి నేరుగా పై అంతస్తులోకి వెళ్తుంది, అక్కడ పంట, నూర్పిడి కళ్లం. దిగువ వైపు తలుపు తీస్తే కింది అంతస్తు, అక్కడ పశువులు. మేత పైనుంచి కిందికి తోస్తే చాలు, ఎత్తే పని లేదు. దానికి చెక్క వరండా ఒకటుంది, స్పిన్నింగ్ గ్యాలరీ అంటారు. ఆడవాళ్లు వరుసగా కూర్చుని ఉన్ని వడికే చోటని కథ. ఈ వానల్లో, ఈ గాలిలో, బయట కూర్చుని రాట్నం తిప్పారంటే నమ్మబుద్ధి కాదు. ఉన్ని ఆరబెట్టడానికి, సామాను పెట్టుకోవడానికి, పై గదుల్లోకి వెళ్లడానికి దారిగా వాడారనడమే సబబు.

తేదీల విషయంలో టౌనెండ్ ఒక హెచ్చరిక కూడా ఇస్తుంది. ఇంటి నిండా చెక్కిన ఓక్ సామాను, అంతా పదిహేడో శతాబ్దపు తీరులోనే ఉంటుంది. కానీ అందులో చాలా భాగం చివరి జార్జ్ బ్రౌన్ పని. ఆయన కాలం 1834-1914. కొత్తవి చేశాడు, పాతవాటి మీద కొత్తగా చెక్కాడు. తన వంశపు పాత కాలం మీద ఆయనకు ప్రాణం, చేతిలో గొప్ప నేర్పు. కాబట్టి ఆ ఇంట్లో పాతగా కనిపించేదంతా పాతది కాదు. అది మోసమని నేను అనుకోను. తాతల ఇంటిని ప్రేమించిన మనిషి దానికి తన వంతు కలిపాడు, అదీ చరిత్రలో భాగమే. చూసేవాళ్లు మాత్రం చెక్కిన అంకె కన్నా గోడనూ దూలాన్నీ ఎక్కువ నమ్మాలి.

చివరగా నాకు మనసుకు బాగా పట్టిన సంగతి: పైపూత. టౌనెండ్ తెల్లగా ఉంటుంది. సున్నంలో గులకరాళ్లు కలిపి గోడకేసి విసిరి కొట్టిన గరుకు గార, దాని మీద వెల్ల. ఈ లోయల్లో చాలా రైతు ఇళ్లు ఒకప్పుడు ఇలాగే ఉండేవి. గత శతాబ్దంలో, రాయి కనపడితేనే పాత ఇల్లు అన్న ఫ్యాషన్ వచ్చాక, ఎందరో ఆ గార గీకించేశారు. అందంగా కనిపిస్తుందనుకున్న ఆ రాయి బయట పెట్టడానికి పేర్చినది కాదు. అడ్డదిడ్డంగా పేర్చిన రాళ్లను వాన నుంచి కాపాడటానికే గార. అది తీసేస్తే అడ్డంగా కొట్టే వాన నేరుగా గోడ గుండెలోకి వెళ్తుంది.

దానికన్నా పెద్ద నష్టం సిమెంట్ చేసింది. 1824లో లీడ్స్‌కు చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఇరవయ్యో శతాబ్దానికి అది చవకగా, తేలికగా దొరికింది. సున్నం సందులు పోయిన చోటల్లా సిమెంట్ కూరారు. మన డంగు సున్నం గోడల మీద సిమెంట్ పూసి చేతులు కాల్చుకున్నవాళ్లకు ఈ కథ కొత్త కాదు. సున్నపు గోడ తడిని పీలుస్తుంది, ఎండా గాలీ తగలగానే వదిలేస్తుంది. ఇల్లు కొద్దిగా కదిలినా సున్నం సర్దుకుంటుంది, సన్నటి బీటలను నెమ్మదిగా తనే పూడ్చుకుంటుంది. సిమెంట్ కదలదు, పగులుతుంది. వెంట్రుకవాసి పగుల్లోంచి నీరు లోపలికి పోతుంది, బయటికి వచ్చే దారి మాత్రం మూసుకుపోయింది. ఆ నీరు గోడ గుండెలో నిలిచి, గోడలో పాతుకున్న ఓక్ దూలం కొసను తినేస్తుంది. మూడు వందల ఏళ్లు నిలిచిన దూలం అలా పుచ్చిపోతుంది. పైకి గోడ గట్టిగా, పొడిగా కనిపిస్తూనే ఉంటుంది, అదే బాధ.

పాత కట్టడాలను ఈ రకం బాగుచేతల నుంచి కాపాడటానికి విలియం మోరిస్, ఆయన మిత్రులు 1877లో ఒక సంఘం పెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. వాళ్లు మొదటి నుంచీ చెబుతున్నది ఒకటే: కూలిన తర్వాత పునరుద్ధరించడం కాదు, కూలకుండా రోజువారీ సంరక్షణ చేయండి. అంటే చూరు గొట్టాలు శుభ్రం చేయడం, జారిన పలక సరిచేయడం, వెల్ల వేయడం. ఇప్పటికే సిమెంట్ పడ్డ గోడకు మాత్రం వైద్యం నిదానం. ముందు సిమెంట్‌ను రాయి దెబ్బతినకుండా చేత్తో తీయాలి. తర్వాత గోడను నెలల తరబడి ఆరనివ్వాలి. అప్పుడు సున్నం కూరాలి, పొర పొరకూ మధ్య ఆగాలి. పచ్చి సున్నం మీద మంచు పడితే పొడిపొడిగా రాలిపోతుంది కాబట్టి ఈ పనికి వసంతం నుంచి శరత్తు మొదటి రోజుల దాకానే అదను. ఒక ఇంటికి ఒకటి కన్నా ఎక్కువ వేసవులు పట్టొచ్చు. ఖర్చూ ఎక్కువే, సున్నం పని తెలిసిన తాపీ మేస్త్రీలూ తక్కువే. అందుకే ఇలాంటి ఇల్లు కొనేవాళ్లు ముందు గోడల సందుల్లో ఉన్నది సున్నమా, సిమెంటా అని చూసుకోవాలి. తాళంచెవితో గీకితే పొడిగా రాలేది సున్నం, గీత కూడా పడనిది సిమెంట్.